రేగులగూడెం బావి గురించిన జవాబు

సామ్రాజ్యాలను నిలబెట్టేది సైన్యం కాదు, గుండుసూది. ఈ సత్యాన్ని ఎరిగిన కొద్దిమందిలో గుమస్తా అంతయ్య ఒకడు. 1963 వేసవిలో, ఆదిలాబాదు జిల్లాలోని ఒక తాలూకా కచేరీలో, పొద్దున పదింటికే ఆయన నాలుగు గుండుసూదులు పెదవుల మధ్య బిగించి శాసనసభ ప్రశ్నల కాగితాలు ముందేసుకున్నాడు. యాభై నాలుగేళ్ల బక్కపలచని మనిషి. నిజాం కాలమంతా ఉర్దూ రాసిన చేయి. కలం ఇప్పటికీ ముందు కాగితం కుడి అంచుకే పోయేది.

పద్ధతి సులభం. సభ్యుడు హైదరాబాదులో ప్రశ్న రాసి ఇస్తాడు. మంత్రిగారి జవాబుకు సమాచారం కచేరీ పంపాలి. అంతయ్య పాత ఫైలు తీసి, అందులోని జవాబు దించి, సూది గుచ్చుతాడు. పదేళ్లలో ఒక్క జవాబూ ఆలస్యం కాలేదు. ఏ జవాబు కోసమూ ఆయన కుర్చీ దిగలేదు.

ఆనాటి ప్రశ్న: "రేగులగూడెంలో ప్రభుత్వ బావి ఉన్నదా? ఉన్నచో, అందులో నీరున్నదా?"

మొదటి సగానికి మూడేళ్ల కింద "ఉన్నది" అని రాసింది అంతయ్యే. రెండో సగం కొత్తది, దించడానికి పాత జవాబు లేదు. సభ్యుడు తెలివిమీరాడు.

"రెండిటికీ ఉన్నదని రాయి. బాయి ఉన్నంక నీళ్లుండయా?" అన్నాడు హెడ్ గుమస్తా మొండయ్య.

"సూసొస్త సార్."

"ఎండల మాడుతవ్! ఐదింటి బస్సుకు జవాబు పోవాలె."

"గందుకే ఇప్పుడే పోతున్న."

దండయాత్రకు వెళ్లే సేనాపతిలా గొడుగెత్తి మూడు మైళ్లు నడిచాడు.

బావి గట్టిదే. రాతికట్టు, తేదీ చెక్కిన పలక. రాయి వేస్తే టక్కుమంది. అది సాక్ష్యంగా చాలదనిపించింది. పంచె ఎగగట్టి, మెట్టురాళ్లు పట్టుకుని అడుగుదాకా దిగాడు. కుండపెంకులు, ఎండుటాకులు. అరచేత్తో మట్టి తడిమాడు. తడి లేదు.

పైకొచ్చేసరికి రొమ్ము పట్టేసింది. రెండు మైళ్ల అవతలి గోదావరి నుంచి నీళ్లు మోసుకొస్తున్న ఆ ఊరి రాజక్క బిందె దించుకుని నిలబడింది.

"బాయిల నీళ్లున్నయా లేవా సూడకనే 'ఉన్నది' అని రాసిండ్రంట, మెంబర్ సారు చెప్పిండు. రాసినోని నోట్లె మన్నువడ! నా కోడలు నిండు కడుపుతోని గోదారికి పోతున్నది."

"గది రాసింది నేనే, అక్కా."

రాజక్క ఆయన్ను ఎగాదిగా చూసింది. బిందెలో చెంబు ముంచింది.

"అయితే గీ నీళ్లు తాగి, ఈపారి సక్కగ రాయి."

నాలుగున్నరకు అంతయ్య రాశాడు: "బావి ఉన్నది. నీరు లేదు. స్వయముగా దిగి చూడడమైనది."

"లేదంటే జిల్లా కచేరి మన మెడమీద కూసుంటది," అన్నాడు మొండయ్య.

"మీరు గూడ దిగి సూడుండ్రి, సార్. లేకుంటె దస్కత్ జేయుండ్రి."

మొండయ్య తన పొట్ట వంక, బయటి ఎండ వంక చూసి, సంతకం చేశాడు.

బస్సు కదిలిన చప్పుడు విన్నాక అంతయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. ఆరింటికి తాళం వేయడానికి వచ్చిన చప్రాసీ గట్టయ్య నిద్రనుకుని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తట్టి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

వానాకాల సమావేశంలో ఆ "లేదు"ను మంత్రిగారు సభ ముందు పెట్టక తప్పలేదు. సభ్యుడు వదలలేదు. చలికాలానికి రేగులగూడెంలో కొత్త బావి పడింది. ఇరవై అడుగులకే జల తగిలింది. రాజక్క కోడలు ఇంటిముందే నీళ్లు చేదుకుంటున్నది.

పని నిజంగా జరిగిందని రాతపూర్వకంగా తేలాలని సభ్యుడు మరుసటి ఏడు అదే ప్రశ్న మళ్లీ వేశాడు. కొత్త గుమస్తా, కీర్తిశేషుడు అంతయ్య వదిలివెళ్లిన ఫైలు తెరిచి, కుర్చీ దిగకుండా, భక్తిగా దించాడు: "నీరు లేదు. స్వయముగా దిగి చూడడమైనది."