ప్రశ్నలడిగిన గొంతు

"ఆ టేపుల్లో నీ గొంతు తీసెయ్యాలి మోరాగ్," అన్నాడు లాకీ, చౌడర్ సూపులోకి బంగాళాదుంపలు కోస్తున్న భార్యతో. "నా ప్రశ్నలు నేను మళ్ళీ చదివి రికార్డు చేస్తా. నువ్వు అతికించేద్దువుగాని."

నా ప్రశ్నలు అన్నాడు. ఆమె కత్తి ఆగలేదు. కెనడాలోని తమ కేప్ బ్రెటన్ దీవి ఫిడేలు వాద్యకారుల కోసం వాళ్ళిద్దరూ 'కమాను' పత్రిక పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. సంపాదకుడు లాక్లన్ మెక్‌లెలన్ అని లాకీ పూర్తి పేరు మొదటి సంచిక నుంచీ అచ్చవుతూనే ఉంది. ముఖాముఖీల కిందా ఆ పేరే. "ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదా, రెండుసార్లు ఎందుకు?" అన్నాడు అప్పట్లో. నిజమే కదా అనుకుంది మోరాగ్. కొత్తగా పెళ్ళయిన పిల్లకి మొగుడు ఏమన్నా నిజమే అనిపిస్తుంది.

ఇప్పుడు 'కమాను' కాగితం మీదే లేదు. వెబ్‌సైట్ వచ్చింది, వారం వారం చందాదారులకి మెయిల్ వెళుతోంది, పడుచు వాద్యకారుల వీడియోలకి ఛానెల్ పెట్టారు. హాలిఫాక్స్ నగరంలో ఏదో సభకి పిలిస్తే పత్రిక ఎలా విస్తరించిందో లాకీ గంటసేపు చెప్పి చప్పట్లు కొట్టించుకొచ్చాడు. సొమ్మొకడిది సోకొకడిది. ఆ విస్తరించిందంతా వచ్చి పడింది మోరాగ్ వంటింటి బల్ల మీదే. వీడియోలు కత్తిరించేదీ, మెయిల్ రాసేదీ, ఎవరో అర్థరహితంగా తిట్టిపోస్తే మర్యాదగా జవాబిచ్చేదీ ఆమే. "నీకు ఓపికెక్కువ మోరాగ్," అంటాడు లాకీ, అదేదో పుట్టుమచ్చ అయినట్టు. శుక్రవారం నుంచి పాడ్‌కాస్ట్ మొదలు. పోయిన పెద్దవాళ్ళ పాత టేపులు దీవంతా వినబోతోంది.

కాగితం మీద ప్రశ్నకి గొంతుండదు, అందుకే ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. టేపు అలా కాదు కదా. ఏ వాద్యకారుడి ఇంటికి వెళ్ళినా లాకీ ముందుగదిలో మగవాళ్ళతో రమ్ము పుచ్చుకుంటూ కూర్చునేవాడు. అత్తగారు ముందే చెప్పి పంపేది, "మగాళ్ళు మాట్లాడుకునేచోట నీకేం పనమ్మా, ఆ ఇంటావిడకి గిన్నెల దగ్గర సాయం చెయ్యి," అని. అలాగే చేసేది. కాసేపటికి ఆ ముసలి వాద్యకారుడు టీ కోసం వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన కుర్చీ లాక్కుని, ముందుగదిలో చెప్పనివన్నీ చెప్పేవాడు. మోరాగ్ తడిచేతులు తుడుచుకుని రికార్డర్ నొక్కేది. లాకీ ఆ టేపులు ఇంటికొచ్చాకే వినేవాడు, అదీ సగం సగం. అసలు ఆ ప్రశ్నలు తనవేనని ఆమెకైనా గుర్తుందా అంటే, నిన్న చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాకా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ పడుచు గొంతు. భయం లేని గొంతు. ఎవరీ పిల్ల అనుకుంది, గుర్తుపట్టాక టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వింది.

మధ్యాహ్నం లాకీ మైకు ముందు కూర్చుని, ఆమె రాసిచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటీ గంభీరంగా చదివాడు. మోరాగ్ వాటిని ఆర్చీ నీల్ అనే ముసలి వాద్యకారుడి టేపులో అతికించి వినిపించింది.

"మీ ఆవిడ కూడా వాయించేదటగా, ఎందుకు మానేసింది?" అంది లాకీ గొంతు.

టేపులో గిన్నెల చప్పుడు. పొయ్యిలో కట్టె చిటపట. తర్వాత ఆర్చీ నీల్, పోయి పదేళ్ళయిన మనిషి, అన్నాడు. "నాకన్నా బాగా వాయిస్తోందని ఊళ్ళో అనడం మొదలెట్టారు. ఆమె ఫిడేలు తీసుకెళ్ళి మా అన్నకిచ్చేశాను. ఒక్క మాటనలేదు. రొట్టె చేసి పెట్టింది. ఇది ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదమ్మా."

"చూశావా, ఎలాంటి ప్రశ్న అడిగానో!" లాకీ కుర్చీలో వెనక్కి వాలాడు. "ముసలాయన దాచుకున్నదంతా బయటికొచ్చింది. ఆ చివర 'అమ్మా' ఒక్కటీ కత్తిరించెయ్యి."

అబద్ధం చెప్పడంలేదు అతను. నిజంగానే నమ్ముతున్నాడు. అబద్ధమైతే కోపమొచ్చేది. ఆ నమ్మకం చూసి మోరాగ్‌కి ఏడుపొచ్చింది.

"లాకీ, పెళ్ళయినప్పట్నుంచీ నన్నేదైనా అడిగావా? ఇప్పుడడుగు. ఒక్క ప్రశ్న."

"ఏం ప్రశ్న?"

"ఏదైనా. నీకు తెలియంది."

లాకీ నవ్వాడు. గడ్డం గోక్కున్నాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు.

"టీ పెట్టావా?" అన్నాడు.

వేళాకోళమేమోనని మోరాగ్ అతని ముఖం చూసింది. కాదు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెర వైపు తిరిగింది. అతని ప్రశ్నలు ఒక్కొక్కటే తీసేసి, అవి ఉన్నచోట తన పాతవి పెట్టడం మొదలుపెట్టింది. గిన్నెల చప్పుడుతో సహా, 'అమ్మా' తో సహా. టీ కోసం ఎదురుచూసి చూసి లాకీ ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. తెర మీద తన గొంతు ముక్కలు ముక్కలుగా మాయమవుతుంటే చూశాడు.

"ఏం చేస్తున్నావు మోరాగ్?"

ముప్ఫై ఏళ్ళలో జవాబు కోసం ఆగి అతనడిగిన మొదటి ప్రశ్న అది.

"నా ప్రశ్నలు నేనే అడుగుతున్నాను," అంది మోరాగ్.