షాఫ్టు మీది గీత

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక్కో వాక్యానికి చాలాసేపు పడుతుంది. ‘నేను’ అని మొదలుపెడితే కలం కదలడం లేదు. అందుకే నా పేరు పెట్టి, ఎవరిదో కథలా చెబుతాను.

సిద్దిపేటలో గేర్‌బాక్సులు బాగుచేసే ఒక షెడ్డు. దాని వెనక వరండాలో యాదలక్ష్మి పళ్లెంలో డీజిల్ పోసుకుని గేర్లను తిప్పే ఇనుప కడ్డీని, షాఫ్టును, తోముతోంది. పెళ్లయిన ఏడాది నుంచీ అదే పని. విప్పిన సామాను వెనక్కి వస్తుంది, ఆమె కడిగి ముందుకు పంపుతుంది. ముందుకు తను మాత్రం పోదు. “ఆడిమనిషి ముందట కూసుంటే గిరాకి రాదే” అనేవాడు భర్త లింగమూర్తి. ఆయన పోయాడు, షెడ్డు కొడుకు అరుణ్ చేతికొచ్చింది, పళ్లెం మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

అట్లాంటిది, నిన్నగాక మొన్న వచ్చిన కోడలు ప్రసూన ముందు బల్ల దగ్గర కూర్చుంది! అరుణే కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లతో “నూనె కారకుండ మా ప్రసూన ఏసిన సీలు” అంటాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా యాదలక్ష్మికి కడుపు మండేది. కొడుకు పెళ్లాన్ని ముద్దు చేస్తున్నాడని కాదు. గోళ్లలో నలుపు ఇద్దరికీ ఒకటే కదా. కోడలి గోళ్లలో ఉంటే పని నేర్చిందంటారు. తన గోళ్లలో ఉంటే లింగమూర్తి “గా చేతులతోని అన్నం పెట్టకు” అని కంచం జరిపేవాడు.

ఆ రోజు బెజ్జంకి నుంచి రైస్‌మిల్లు గేర్‌బాక్సు వచ్చింది, నూనె కారుతోందని. ప్రసూన షాఫ్టు చుట్టూ కొత్త రబ్బరు రింగు, ఆయిల్ సీలు, వేసింది. కారింది. విప్పి ఇంకోటి వేసి మోటారు ఆన్ చేసింది. యాదలక్ష్మి తడిచేతులతో గుమ్మంలో నిలబడి చూస్తోంది. కారాలి, కారాలి అని మనసు జపం చేస్తోంది. షాఫ్టు కింద నూనె మెరిసి, చుక్క కట్టి, నేల మీద పడింది. ఆమెకు పండగైంది.

అరుణ్ చూడనే చూశాడు. “మళ్ల కారవట్టెనా? మిల్లాయనకు ఏం జెప్పాలె? నీతోని గాదు ప్రసూనా. రేపటి సంది ఎనుక కూసొని సామాను కడుగు. అమ్మ ఇన్నేండ్లు కడుగలేదా? ఏమన్న అన్నదా?”

విసురుగా బయటికి పోయాడు. కోరుకున్నదే జరిగింది. కానీ ఆ చివరి మాట యాదలక్ష్మికి గుచ్చుకుంది. అనలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాడు వీడు. రేపు ఈ పిల్లా అనదు. అప్పుడు దాని గురించీ అట్లాగే అనుకుంటాడు.

ఆమె వెళ్లి కోడలి పక్కన చతికిలబడింది.

“ఏడుపు బంద్ పెట్టి సీలిప్పు బిడ్డా. గిది నూనెను ఎట్ల ఆపుతదో నాకు చెప్పుకుంట ఇప్పు.”

“నీకెందుకత్తమ్మా?”

“ఇన్నేండ్లు కడిగిన. ఒక్కలు చెప్పలే.”

ప్రసూన ముక్కు తుడుచుకుంది. “గీ సన్నని అంచు లిప్పు. స్ప్రింగు దాన్ని షాఫ్టుకు ఒత్తి పడ్తది. స్ప్రింగున్న మొఖం నూనె దిక్కుండాలె. షాఫ్టు తిరుగుతుంటే లిప్పు కింద పల్చటి నూనె పొర నిలుస్తది. ఆ పొర లేకుంటే రబ్బరు మాడుతది, ఎక్కువైతే కారుతది.”

“మరి కొత్తది ఎందుకు కారవట్టె?”

“గదే సమజైతలేదు. షాఫ్టు నున్నగనే ఉన్నది.”

“నున్నగనా? గా గీత లేదా?”

“ఏం గీత?”

యాదలక్ష్మి కోడలి వేలు పట్టుకుని షాఫ్టు మీద జరిపింది. గోరు టక్కున ఆగింది.

“కంపెనీ గుర్తు గాదా గిది? శానా షాఫ్టుల మీద ఉంటది, మెరవాలని ఆ గీతనే మస్తు తోముత.”

ప్రసూన పగలబడి నవ్వింది. “గుర్తేంది అత్తమ్మా! పాత సీలు రాసుకొని రాసుకొని పడ్డ గాడి. కొత్త లిప్పు పోయి పోయి అండ్లనే కూసుంటున్నది!”

ఈసారి సీలును చివరిదాకా కొట్టలేదు. లిప్పు అరగని జాగాలో కూర్చునేలా కొంచెం ఇవతలే ఆపారు. ఎక్కించే ముందు లిప్పుకు నూనె రాసింది యాదలక్ష్మి. కొత్త సీలు ఆమె చేతికి రావడం అదే మొదలు. మోటారు తిరిగింది. కింద పరిచిన కాగితం పొడిగానే ఉంది.

అరుణ్ తిరిగొచ్చి కాగితం తీసి చూశాడు. “తప్పు ఎవరు పట్టిన్రు?”

“అత్తమ్మ” అంది ప్రసూన.

ఆ మాటకూ యాదలక్ష్మి కడుపులో మంట ఆరలేదు. కోడలికి తెలిసినదంతా తనకూ తెలియాలి.

“రేపటి సంది నేను ముందట పని నేర్సుకుంట” అంది కొడుకుతో. “కడుగుడు ముగ్గురం వంతులేసుకుందాం. రేపు నీ వంతు.”

యాదలక్ష్మి, అరవై రెండేళ్లు.
ఇప్పుడు ఉండేది సిద్దిపేటలోనే, షెడ్డు మీది గదిలో.