గరుకు వైపు లోపలికి

కారు బాగు చేయడం నాకు చేతకాదని మా బావగారు అనకపోయి ఉంటే, నిజంగానే చేతకాదని ఒప్పుకుని ఊరుకునేదాన్ని. ఆయన అన్నారు. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

బావగారంటే మా వారి అన్నగారు. నలభై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన పాత కారు రెండేళ్ళుగా మా రేకుల షెడ్డులో ఉంది. బ్రేకు తొక్కితే చాలు, కీచుమని అరుస్తుంది. ఆదివారం పది గంటలకి పాత ఇనుము లారీని తీసుకొస్తానని, కారు ఇచ్చేద్దామని చెప్పడానికి వచ్చారాయన.

“అరిచేది బ్రేకులేగా? నేను మార్చేస్తాను. కారు నాకివ్వండి,” అన్నాను.

తాగుతున్న టీ పొలమారేదాకా నవ్వారు. “బ్రేకులంటే చొక్కాకి గుండీలు కుట్టడం అనుకున్నావా? కోతిపుండు బ్రహ్మరాక్షసి చెయ్యకమ్మా.”

నేను స్కూలు యూనిఫాంలు కుడతాను. మా వారు ఓడలో వంటవాడు, ఏడాదికి పది నెలలు నీళ్ళ మీదే ఉంటారు. నేను కుట్టిన మూటలు స్కూళ్ళకి చేరాలంటే ఒకరి బండి దొరకాలి, ఇంకొకరికి తీరిక కుదరాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. నా డ్రైవింగ్ లైసెన్సు బీరువాలో నిద్రపోతోంది. నాకా కారు కావాలి. ఎంతగా కావాలంటే, ఆ నవ్వు ఆగకముందే మళ్ళీ అడిగాను.

నా పట్టు చూశారో ఏమో, బావగారు తగ్గారు. “సరే. ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీ ఏటవాలు వీధి దిగు. కింద కూడలిలో తెల్ల గీత దగ్గర ఆపు. ఆగితే కారు నీది. గీత దాటితే లారీది.”

“గీత దాటితే మీరిద్దరూ ఎవరివాళ్ళురా, ఆసుపత్రివాళ్ళా?” అని అడిగారు మా అత్తయ్య, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అత్తయ్యకి డెబ్భై ఆరేళ్ళు. ఒకప్పుడు టెలిఫోన్ ఆపరేటరు. ఆ గొంతులో గంట ఇంకా మోగుతూనే ఉంటుంది. అందుకే కారు రిపేరు పుస్తకం పైకి చదివే పని ఆవిడకి అప్పగించాను. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఆ పుస్తకం రాసినాయన ఎవరోగానీ, కారు గురించి శాసనం చెక్కినట్టు రాశాడు.

గురువారం మొదలుపెట్టాం. జాకీ పెట్టి కారు ముందు భాగం లేపాను. బోల్టు తిప్పబోతే బోల్టుతో పాటు చక్రమే తిరుగుతోంది. చెమటలు కక్కుతూ పావుగంట తిప్పాక, అత్తయ్య తర్వాతి వాక్యం చదివారు. “చక్రమును లేపుటకు పూర్వమే బోల్టులను వదులు చేయవలెను.”

“అది ముందు చెప్పొద్దా అత్తయ్యా!”

“వరసలో చదువుతున్నానమ్మాయ్. ఫోను మోగకముందే కనెక్షను ఇమ్మంటావా?”

కారు దించి, బోల్టులు వదులు చేసి, మళ్ళీ లేపాను. ఆఖరి బోల్టు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. పాత దుప్పటి పరిచి, విప్పిన ప్రతి ముక్కనీ దానిమీద పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసి నంబరు వేశాను. బట్ట కత్తిరించేటప్పుడు ఎలా చేస్తానో అలాగే. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే, అది ఇక్కడా పనికొచ్చిందని గర్వంగా అనిపించింది.

చక్రం వెనక ఒక ఇనప పళ్ళెం ఉంటుంది. దాన్ని రెండు పక్కల నుంచీ నొక్కి ఆపే బిళ్ళలే బ్రేకు ప్యాడ్లు. పాతవి అరిగి అరిగి రెండు వైపులా ఇనుమే మిగిలింది. కొత్తవాటికి ఒక వైపు నున్నటి ఇనుము, రెండో వైపు గరుకు పూత ఉన్నాయి. ఏ వైపు ఎటు?

“ఘర్షణ తలము పళ్ళెమునకు అభిముఖముగా నుండవలెను,” అని అత్తయ్య గంట కొట్టినట్టు చదివారు. ఇద్దరం తల ఊపాం. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

అర్థం కాలేదని ఒప్పుకోవచ్చుగా? ఒప్పుకోను. నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం ఉందాయె. బట్టకి నున్నటి వైపు ముఖం, గరుకు వైపు వీపు. కుట్టేటప్పుడు ముఖాలు రెండూ లోపలికి పెట్టి కుడతాం. అంతే, నున్నటి వైపు లోపలికి పెట్టి రెండు చక్రాలకీ బిగించేశాను.

శనివారం మధ్యాహ్నం పెరట్లో నాలుగడుగులు నడిపి బ్రేకు తొక్కాను. పాత కీచు దీని ముందు జోలపాట. పిట్టగోడ మీద పిల్లి ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. కారు మాత్రం తీరిగ్గా జారుకుంటూ వెళ్ళింది. హ్యాండు బ్రేకు లాగితే తప్ప ఆగలేదు.

నాకు ఏడుపొచ్చింది. మెట్టు మీద కూలబడి, మసి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. “బావగారికి ఫోను చేసి చెప్పేస్తాను. నావల్ల కాదు.”

అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. ఓదారుస్తారేమో అనుకున్నాను. కాలి చెప్పు తీసి, తిరగేసి నా ముందు పెట్టారు. “జారకుండా ఉండాలంటే గరుకు ఎటు పెట్టాడమ్మాయ్ చెప్పులు కుట్టినవాడు? నేలవైపా, పాదంవైపా?”

చెప్పు వైపు చూశాను, కారు వైపు చూశాను. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ ఆవిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

కుట్టిన కుట్టు విప్పడం నాకేమీ కొత్త కాదు. మళ్ళీ అన్నీ విప్పాను. పళ్ళెం మీద సన్నటి గీతలు పడ్డాయి గానీ లోతుగా లేవు. గరుకు వైపు లోపలికి పెట్టి బిగించాను. చీకటి పడకముందే పెరట్లో పదిసార్లు నడిపి పదిసార్లు ఆపాను. ఒక్క చప్పుడు లేదు. ఏనుగెక్కినంత సంబరం!

ఆదివారం పదింటికి బావగారు లారీలోనే వచ్చారు, దారి చూపిస్తూ. లారీని కింద కూడలి పక్కన ఆపించి, ఎత్తు నడిచి ఎక్కారు. ఆయన నా పక్కన కూర్చోగానే వెనక తలుపు తెరుచుకుంది. అత్తయ్య ఎక్కి కూర్చున్నారు.

“నువ్వెందుకమ్మా? ఆగకపోతే?” బావగారు కంగారుపడ్డారు.

“నీ బస్సు ఎక్కినన్నాళ్ళూ బ్రేకులు ఎవరు బిగించారో నాకు తెలీదురా. ఇవి నా కళ్ళెదురుగా బిగించినవి. పోనీ అమ్మాయ్.”

ఆ మాటకి గుండె నిండిపోయింది. కారు కదిపాను. వాలులో వేగం అందుకుంటుంటే బావగారి కుడికాలు ఖాళీ నేలని గట్టిగా తొక్కడం కంటి చివర కనిపించింది. లేని బ్రేకుని తొక్కుతున్నారు పాపం. తెల్ల గీత దగ్గరికొచ్చింది. నేను ఉన్న బ్రేకునే మెల్లగా తొక్కాను.

ఆగింది. కుదుపు లేదు, కీచు లేదు.

బావగారు దిగి, వంగి, గీతకీ చక్రానికీ మధ్య చెయ్యి పెట్టి కొలిచారు. జానెడు మిగిలింది. లేచి తిన్నగా లారీ దగ్గరికి వెళ్ళి డ్రైవరుతో ఏదో చెప్పారు. లారీ వెళ్ళిపోయింది. కారు కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

వాటిని గట్టిగా పట్టుకున్నాను. ఆయన చొక్కా సర్దుకున్నారు, వెళ్ళిపోయిన లారీ వైపు చూశారు, తన ఇల్లు ఇక్కడికి ఎంత దూరమో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కిటికీ దగ్గరికొచ్చి, కాస్త బెరుగ్గా అడిగారు.

“అమ్మా, నువ్వు మా ఇంటివైపేమైనా వెళ్తున్నావా?”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎంతమందిని అడిగానో లెక్క లేదు. నన్నొకరు అడగడం అదే మొదటిసారి. నేను ఎటు వెళ్తున్నానో నిజానికి నాకే తెలీదు.

“అటే బావగారూ. ఎక్కండి,” అన్నాను.