నీళ్ళు తాగని నేర్పు

మధ్యాహ్నం రెండింటికి చెల్లెలి ముఖం మీద చెమట ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న పెద్దక్క అది చూసి, ఒళ్ళు కాస్త చల్లబడిందేమో అనుకుంది.

చొక్కాల ఫ్యాక్టరీలో వాళ్ళ ఇస్త్రీ సెక్షను కప్పు రేకులది. గోడకవతల బొగ్గుతో నడిచే బాయిలరు. చొక్కాకి రెండు రూపాయల కూలి. మరుగుదొడ్డి ఆవరణకు అటు చివర ఉంది. వెళ్ళొచ్చేసరికి ఆరు చొక్కాలు వెనకబడతాయి. అందుకని పెద్దక్క ఇరవయ్యేళ్ళుగా పనిలో ఉన్నంతసేపూ నీళ్ళు ముట్టదు. దాహమేస్తే తడిగుడ్డతో పెదవులు అద్దుకుంటుంది. కొత్తగా చేరిన ప్రతి ఆడమనిషికీ ఈ నేర్పు ఆమే చెప్పింది. సొంత చెల్లెలికి మరీ శ్రద్ధగా చెప్పింది.

"మనం బట్టలకి ఇస్త్రీ చేస్తున్నామా అక్కా, బట్టలే మనకి చేస్తున్నాయా?" అని చెల్లెలు ఆ పొద్దున కూడా నవ్వించింది.

ఇప్పుడు ఆమె చేతికింద కాలరు మాడుతోంది.

"ఏయ్, పెట్టె ఎత్తవే. గడియారం చూశాడంటే కూలిలో కోస్తాడు."

గడియారం అంటే సూపర్‌వైజరు. ఆడవాళ్ళు పెట్టిన పేరు.

చెల్లెలు పెట్టె ఎత్తలేదు. "తలుపెయ్యక్కా," అంది నెమ్మదిగా. "జల్లు లోపలికి కొడుతోంది."

మూడు నెలలుగా చినుకు లేదు. పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుంది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలింది.

ఆసుపత్రిలో నర్సు తడిగుడ్డలు చుట్టి, సెలైను పెట్టింది. "పొద్దున్నుంచీ నీళ్ళు ఏమాత్రం తాగింది?"

పెద్దక్క చెల్లెలి మీది తడిగుడ్డ సర్దుతూ, "తాగలేదు. నేనూ అలాగే ఉన్నానమ్మా ఇన్నేళ్ళూ. నాకేం కాలేదు," అంది.

"అప్పటి ఎండ వేరు పెద్దమ్మా. బొగ్గూ పెట్రోలూ కాల్చిన పొగలో కంటికి కనపడని వాయువుంటుంది. అది పైన చేరి దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. ఏటేటా ఆ దుప్పటి మందమవుతోంది. ఇదివరకు రాత్రయితే ఒళ్ళు తేరుకునేది. ఇప్పుడు ఆ రాత్రులు కూడా చల్లబడట్లేదు."

"మా బాయిలరు పొగ కూడా అందులో ఉందా?"

"ఉంది. నా స్కూటరుదీ ఉంది. కాల్చడం తగ్గించాలి. ఒక్కరి వల్ల అయ్యేది కాదు, గట్టిగా అడిగితే తప్ప పెద్దవాళ్ళు కదలరు. కానీ ఎండవేళ పని ఆపడం, కప్పుకి తెల్లసున్నం కొట్టడం, దాహం వెయ్యకముందే నీళ్ళు తాగడం, ఇవి రేపే చెయ్యొచ్చు." నర్సు చెల్లెలి నుదురు తాకి చూసింది. "చెమట ఆగిందంటే ఇక ఒళ్ళు తనను తాను చల్లబరచుకోలేకపోతోందన్నమాట. అప్పుడే తీసుకురావాల్సింది."

చీకటి పడకముందే చెల్లెలు పోయింది.

మూడో రోజున గడియారం పెద్దక్కను ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఫ్యాను తనవైపు నుంచి ఆమె వైపుకు తిప్పాడు. ఎప్పుడూ లేని మర్యాద. ఓ కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"జరిగిందేదో జరిగిపోయింది. నీ చెల్లెలికి ముందునుంచీ గుండెజబ్బుందని ఇందులో రాశాం. తోడబుట్టినదానివి, ఒక్క సంతకం పెట్టు. నీ బల్ల నీకే ఉంటుంది."

పెద్దక్క కాగితం తాకలేదు.

"దానికే జబ్బూ లేదు. నీళ్ళు తాగొద్దని చెప్పిన అక్క ఉంది. ఈ రేకుల కింద నిలబెట్టిన మీరున్నారు. ఇద్దరి సంగతీ రాయండి, పెడతాను."

"నీకేమైనా మతి పోయిందా? నీ మీద నువ్వే చెప్పుకుంటావా? నలుగురూ ఏమంటారు?"

"అనాల్సిందే అంటారు. పని తెల్లారగట్ల మొదలుపెట్టి ఎండెక్కకముందే ఆపండి. కప్పుకి సున్నం కొట్టించండి. మరుగుదొడ్డి ఇటుపక్క కట్టించండి. అందాకా నేను పెట్టె పట్టను."

"నువ్వు కాకపోతే ఇంకొకతె."

"పెట్టె పట్టొద్దని ఆ ఇంకొకతెకి కూడా నేనే చెప్తాను."

బయట గోడవార జానెడు నీడ ఉంది. సెక్షను ఆడవాళ్ళు పదకొండుమందీ అందులో ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉన్నారు. పెదవులు పగిలాయి, రవికెల మీద చెమట ఎండి తెల్లగా ఉప్పు చారలు కట్టాయి.

"ఏమన్నాడు పెద్దక్కా?" అని చివర నిలబడ్డ పిల్ల అడిగింది. చేరి వారం కూడా కాలేదు.

పెద్దక్క తలెత్తి ఒక్కొక్కరినీ చూసింది. నీళ్ళు ముట్టకుండా ఉండడం అందరికీ తను నేర్పినదే. ఇప్పుడు తాగమని చెప్పడం ఎవరితో మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.