బస్తాల కింద చెక్కలు

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు వేసవిలో తిరువూరు బసవపున్నయ్యకి ఒకటే పట్టుదల. వంకర లేని చెక్క కావాలి. భార్య రావమ్మకి మోకాళ్లు వంగడం మానేశాయి. నేలమీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేవదీయాలి. అందుకని అందరి భోజనాలూ అయ్యాక వంటింటి గోడకి ఆనుకుని, నిలబడే నాలుగు ముద్దలు తినేసేది. అది చూసినప్పుడల్లా ఆయనకి తిన్నది అరిగేది కాదు.

బజారు కుర్చీ ఒకటి తెస్తే సరిపోయేది. కానీ మనిషి మొండిఘటం. పైగా సేద్యం తరవాత ఆయనకంత ఇష్టమైన పని చెక్క చిత్రిక పట్టడమే. రెండేళ్ల కిందట దొడ్లో వేపచెట్టు కోయించి, ఆగలేక పచ్చి చెక్కతోనే ఆవిడ కూర్చోడానికి బల్ల చేశాడు. నెల తిరక్కుండా అది మెలిపడి, ఓ కాలు గాల్లోకి లేచి, రావమ్మని కింద పడేసింది. మిగిలిన చెక్కల్ని తిట్టుకుంటూ పెరట్లోకి విసిరేశాడు. ఈసారీ వంకరొస్తే ఉలీ చిత్రికా వడ్రంగి ఏడుకొండలుకి ఇచ్చేస్తానని ఇంటిల్లిపాదీ వినేలా ఒట్టేశాడు. అన్నాక గుండె గుభేలుమంది గానీ, నోరు జారాక చేసేదేముంది!

కలప అడితికి వెళ్లి టేకు చూశాడు. ప్రతి చెక్కనీ ఓ చివర పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో చివరదాకా చూశాడు. ఒకటి విల్లులా వంగింది. ఒకటి అంచు తిరిగింది.

"బాబాయ్, మీరు కొనడానికొచ్చారా, పెళ్లిచూపులకొచ్చారా?" అన్నాడు అడితి అంకారావు.

"పిల్ల కాస్త తిన్నగా నిలబడితే ఇప్పుడే తాంబూలాలు పుచ్చుకుంటాను లేరా!"

పెనుగొలను వెళ్లాడు, నెమలి వెళ్లాడు. ఉత్త చేతులతో బస్సు దిగాడు.

మర్నాడు ఇంట్లో ధాన్యం బస్తాలు ఎత్తుకుపోవడానికి లారీ వచ్చింది. ఎప్పుడూ వీధిలో కాటా దగ్గరే నిలబడే ఆయన, ఆ రోజు మనసు బాగోక ఇంట్లోనే తచ్చాడుతూ, ఖాళీ అయిన కొట్లోకి తొంగిచూశాడు. నేల చెమ్మ తగలకుండా బస్తాల కింద పరిచిన చెక్కలు కనిపించాయి. వాటి కింద గాలి ఆడేలా వెదురు బద్దలు. ఒక చెక్క ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. చూపు ఎక్కడా తట్టుకోకుండా ఆ కొసదాకా పోయింది.

"రావమ్మా! ఇవెక్కడివే?"

"మీరు తిట్టి పారేసినవే. అప్పడాలు సగం ఆరాక బరువు పెట్టకపోతే ముడుచుకుపోవూ? చెక్కా అంతేననుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"ఊళ్లన్నీ తిరుగుతుంటే, టేకే కావాలేమో అనుకున్నానండీ."

బసవపున్నయ్య ఆవిడ చేతులకేసి చూశాడు. ఇన్నేళ్లు కాపురం చేసి, ఈ చేతుల్లో ఇంత నేర్పుందని కనిపెట్టలేకపోయానే అనుకున్నాడు. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

వారం తిరిగేసరికి వంటింట్లో కొత్త బల్ల పడింది. రావమ్మ పాత దెబ్బ గుర్తొచ్చి ముందు చేత్తో నొక్కి చూసింది. తరవాత మెల్లగా కూర్చుంది. బల్ల కదల్లేదు.

"ఇవాళ ముందు నువ్వు తినాలి," అంటూ ఆయన పళ్లెం చేతికిచ్చాడు. ఆవిడ నెమ్మదిగా, మారు అడిగి మరీ తింది. అంతసేపూ గోడకి ఆనుకుని ఆయన నిలబడ్డాడు.