పరుపుల కంపెనీలో చరిత్ర పాఠం

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టమంటే మామూలు మనుషులు నవ్వి ఊరుకుంటారు. ప్రభుత్వం మాత్రం దానికో పథకం పెట్టి నిధులు కూడా కేటాయించింది. కాలేజీలో చెప్పే ప్రతి చదువూ ఊళ్లోని ఏదో ఒక పరిశ్రమకు పనికిరావాలి. పనికొస్తే నిధులు, లేకపోతే ఆ విభాగానికి తాళం. ఊళ్లో ఉన్న పరిశ్రమల్లా ఒక్క పరుపుల కంపెనీ.

లెక్కలవాళ్లు స్ప్రింగుల మీద పడ్డారు. కెమిస్ట్రీవాళ్లు నురుగు పట్టుకున్నారు. బోటనీవాళ్లు దూది అందుకున్నారు. ఎటూ కాకుండా మిగిలిపోయింది చరిత్ర మాస్టారు.

"చరిత్రకీ పరుపుకీ ఏం సంబంధం, నువ్వే చెప్పు," అని ఇంట్లో వాపోయారు.

భార్య కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే అంది. "పెళ్లైన కొత్తలో మీరు నాకు రాజుల ఒప్పందాల గురించి చెప్పేవారు. అంత హాయి నిద్ర మళ్లీ ఎరగను."

ఎగతాళికి అన్న ఆ మాటే విభాగాన్ని గట్టెక్కించింది. పరుపుల కంపెనీలో పరీక్ష గది ఒకటుంది. కొత్త పరుపుల మీద మనుషుల్ని పడుకోబెట్టి, నడుం పట్టేస్తోందా, వీపు చెమర్చుతోందా అని చూస్తారు. చిక్కల్లా ఏమిటంటే, పట్టపగలు, పక్కన కుట్టుమిషన్లు మోగుతుంటే, తెల్లకోట్లవాళ్లు గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరికీ కునుకు పట్టదు. మాస్టారు వెళ్లి ఒకే ఒక్క ఒప్పందం ఎత్తుకున్నారు. రెండో షరతు దగ్గరికొచ్చేసరికి గదంతా గురక. వాచ్‌మన్ గోడకానుకుని నిలబడే నిద్రపోయాడు.

నిధులొచ్చాయి. చరిత్ర క్లాసులు ఆ గదికే మారాయి. బల్లలు పోయి మంచాలొచ్చాయి, హాజరు పోయి గురకొచ్చింది. గాఢనిద్రకు ఫస్టు క్లాసు, కలవరిస్తే సెకండు, దొర్లితే సప్లిమెంటరీ. ప్రిన్సిపాల్ సభ పెట్టి మాస్టారికి దుప్పటి బహూకరించారు.

ఉద్యోగం నిలబడింది గానీ మాస్టారి మనసు చచ్చిపోయింది. ఇంత సర్వీసులో 'తర్వాత ఏమైంది సార్' అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఎవరో ఒకరు అడుగుతారని ఆయన ఇంకా ఆశపడుతూనే ఉన్నారు. అంతకంటే పిచ్చి ఇంకేముంటుంది?

చివరికి తనిఖీ రోజు వచ్చింది. పాఠం అయ్యేదాకా అందరూ నిద్రలోనే ఉంటే నిధులు కొనసాగుతాయి. ఒక్కరు మేలుకున్నా తాళమే. తనిఖీ అధికారి నిక్కచ్చి మనిషి, స్వయంగా చూడాలని ఒక మంచం ఎక్కి పడుకున్నాడు.

మాస్టారు ఒక కోట ముట్టడి ఎత్తుకున్నారు. కోటలో ఏనుగులెన్ని, గుర్రాలెన్ని, వాటికి గడ్డెంత. మంచాలు ఒక్కొక్కటే గురక అందుకున్నాయి. అధికారి కళ్లూ మూతబడ్డాయి. "అంతలో ఉప్పు నిండుకుంది," అన్నారు మాస్టారు.

కిటికీ పక్క మంచం మీది అమ్మాయి మోచేతి మీద లేచింది. "ఉప్పు లేకపోతే వంటెలా చేశారు సార్?"

తలుపు దగ్గరున్న ప్రిన్సిపాల్ గుండెల్లో రాయి పడింది. పడుకోమని రెండు చేతులతో సైగ చేశారు. ఆ అమ్మాయి ప్రిన్సిపాల్ని చూసింది, మాస్టారి ముఖం చూసింది, విషయం అర్థమై చటుక్కున పడుకుని కళ్లు మూసుకుంది. రెప్పలు మాత్రం అదురుతూనే ఉన్నాయి.

మాస్టారు మళ్లీ గుర్రాల లెక్క దగ్గరికి వెళ్లిపోతే గండం గడుస్తుంది. కానీ అడిగింది కదా, ఎలా వెళ్తారు? గొంతు జోలపాట పాడినట్టే ఉంచి, కథ మాత్రం నిజంగా చెప్పడం మొదలుపెట్టారు. చప్పిడి కూడు తినలేక సైనికులు కంచాలు విసిరికొట్టారు. వంటశాల పెద్దావిడ కొడుకు బయట శత్రు సైన్యంలో ఉన్నాడు. వెనక తలుపు తీస్తే ఉప్పొస్తుంది, కొడుకొస్తాడు, వాళ్ల వెనకే శత్రువూ వస్తాడు. ఒకనాడు కాపలావాడు అటు తిరిగాక ఆమె గడియ మీద చెయ్యి వేసింది.

అప్పుడు గమనించారు మాస్టారు. అందరి కళ్లూ మూసే ఉన్నాయి, కానీ గదిలో ఒక్క గురకా లేదు. గోడకానుకున్న వాచ్‌మన్ సైతం ఊపిరి బిగబట్టాడు. అంత సంతోషం ఆయన ఈ ఉద్యోగంలో ఎన్నడూ ఎరగరు. గంట మోగడం కూడా ఆయనకు కోపం తెప్పించింది.

అధికారి లేచి చొక్కా సర్దుకున్నాడు. మంచాల మధ్య నడుస్తూ అందర్నీ ఒకసారి చూశాడు. "అందరూ గాఢనిద్రలో ఉన్నారు, నిధులు కొనసాగించవచ్చు," అని రాసి సంతకం చేశాడు. ప్రిన్సిపాల్ హమ్మయ్య అనుకుని టీ పురమాయించడానికి బయటికి నడిచారు.

అధికారి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. అటూ ఇటూ చూసి వెనక్కి వచ్చాడు.

"మాస్టారూ," అన్నాడు గొంతు తగ్గించి, "ఇంతకీ ఆవిడ గడియ తీసిందా?"

ఏ మంచమూ కిర్రుమనలేదు. మాస్టారు ఖాళీ మంచం మీద దుప్పటి సర్దారు.

"పడుకోండి, చెబుతాను."