మూడో మలుపు దగ్గర అన్న మాట

పొద్దున్నే వెర్నా చేసే పనులకు ఒక వరస ఉంది. కరెంటు తీగ ఊడదీసి చుట్టాలి, నీళ్ల గొట్టం దులిపి లోపల పెట్టాలి, కప్పుల బీరువాకు గడియ వెయ్యాలి. చక్రాల మీది ఇల్లులాంటి ఇంటిబండిలో తిరిగే కాపురంలో అవి ఇద్దరూ పంచుకునే పనులు. ఫిబ్రవరిలో భర్త డెల్బర్ట్ పోయాక అన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. డెబ్బై ఒకటో ఏట, ముప్పై అడుగుల బండిని ఒక్కతే తోలుకుంటూ అమెరికాలోని ఐడహోలో కొండల మధ్య నది గండి దాకా వచ్చింది. ఒంటరిగా ఆ రోడ్డేమిటి, మతి పోయిందా అని కూతురు కోరా ఫోన్లో చివాట్లు పెడితే, ఫోను సొరుగులో పడేసింది.

గండి మొదట్లో రెండు బోర్డులుంటాయి. ఒకటి బండి పొడవు గురించి. రెండోది "మాట జాగ్రత్త" అని. ఆ గండిలో ఏ మాటన్నా, అన్నచోటే, సరిగ్గా పదకొండేళ్లకు, అదే రోజు అదే వేళకు ఒక్కసారి తిరిగి వినపడుతుంది. అందుకే మొగుడూపెళ్లాలు అక్కడ అద్దాలెత్తుకుని నోళ్లు మూసుకుని పోతారు. పసిపిల్లలున్నవాళ్లు మాత్రం ఆగి, వాళ్లచేత పాట పాడించి తారీఖు రాసుకుంటారు.

రోడ్డు పనిచేసే లైల్ జెండా అడ్డం పెట్టి ఆపాడు.

"రాత్రి వానకు రాళ్లు జారుతున్నాయి పెద్దమ్మా, చూసుకుని పోండి. ఎవరి మాట కోసం?"

"మా ఆయనది. నాలుగింటికి, మూడో మలుపు దగ్గర."

"మంచి మాటేనా? నేనైతే మా ఆవిడతో ఈ గండిలో కాఫీ కూడా తాగను."

"ఏం మాటో తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాను నాయనా!"

పదకొండేళ్ల కిందట ఇదే రోజు డెల్బర్ట్‌కు మెడ పట్టేసింది. ఎప్పుడూ అతను తోలేవాడు, వెర్నా వెనక నిలబడి దారి చెప్పేది. ఆ రోజు తారుమారైంది. రెండో మలుపు దగ్గర కలప లారీ ఎదురొస్తే వెర్నా బండిని వెనక్కి నడపాల్సి వచ్చింది. అతను అరిచాడు, ఆవిడా అరిచింది. మూడో మలుపు చేరాక ఆవిడ అలిగి అద్దం ఎత్తుకుని కూర్చుంటే, అతను దిగి నది వైపు తిరిగి ఏదో అన్నాడు. ఏమన్నావని అడిగితే, "పదకొండేళ్లయ్యాక విందువుగాని లే" అని నవ్వాడు. ఇద్దరూ కలిసి విందామనే అనుకున్నారు. ఇంకో నాలుగు నెలలు బతికితే సరిపోయేది.

రెండో మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు పడి ఉన్నాయి. మూడో మలుపు అక్కడికి కనపడుతూనే ఉంది. టైము నాలుగుకు పాతిక నిమిషాలు తక్కువ. నడిచినా అందుకోవచ్చు. వెర్నా బూట్ల తాళ్లు బిగించి తలుపు తీసింది.

"దిగకు! నేను వెనకున్నాను!"

డెల్బర్ట్ గొంతు, పదకొండేళ్ల కిందటిది. ఈ కేకల సంగతి ఆవిడకు గుర్తే లేదు.

"ఎడమకు తిప్పు. నీ ఎడమకు, నా ఎడమకు కాదు!"

వెనక మనిషి ఉండగా తోలేవాళ్లు సీటు వదలకూడదు. ఇంటిబండి కాపురాల్లో పెళ్లినాటి ప్రమాణాలు తప్పినవాళ్లున్నారు గాని, ఆ నియమం తప్పినవాళ్లు లేరు. వెర్నా మలుపు వైపు చూసింది, వాచీ చూసుకుంది.

"ఇప్పుడు కాదు డెల్. నేనక్కడికి పోవాలి" అని బతిమాలింది.

"రా... రా... నెమ్మది. నదిలో పెడతావా ఏంటి!"

కాలు లోపలికి లాక్కుని తలుపు వేసింది. అద్దంలో ఎవరూ లేరు. గొంతు చెప్పినట్టల్లా చక్రం తిప్పుతూ వెనక్కి పోనిచ్చింది. సగం దూరం పోయాక చెవి పక్కనే ఇంకో గొంతు, తనదే, కోపంతో అరిచింది.

"నువ్వు చచ్చినా ఇంకోసారి నీ మాట వినను!"

వెర్నా భోరుమంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చక్రం వదల్లేదు.

"చాలు, ఆపు."

ఆపింది. ఎదురుగా కొండ పెళ్లలు పెళ్లలుగా విరిగి, బండి ఇందాక ఆగి ఉన్న చోటూ, ఆవిడ నడవాల్సిన దారీ కప్పేసింది.

చప్పుడుకు లైల్ జీపులో దూసుకొచ్చాడు. "బతికారా పెద్దమ్మా! ఇంత దూరం వెనక్కి ఒక్కరే ఎలా తెచ్చారు?"

"మా ఆయన చెప్పాడు."

"అదీ సంగతి" అన్నాడు లైల్. తర్వాత మూడో మలుపు వైపు చూసి టోపీ తీశాడు. "దారి తెరవడానికి వారం పడుతుంది."

నాలుగైంది. రాళ్లకు అవతల, వినే మనిషి లేనిచోట, డెల్బర్ట్ ఆ మాట అని ఉంటాడు. ఇటువైపు నది హోరు తప్ప ఏమీ వినపడలేదు. నాలుగూ పది దాకా వెర్నా అక్కడే చెవి ఒగ్గి నిలబడింది. తర్వాత, "విన్నాను డెల్, నీ మాట విన్నాను" అని గట్టిగా అంది.

లోపలికెళ్లి సొరుగులోంచి ఫోను తీసింది.

"కోరా, ఈ తారీఖు రాసుకో. నాలుగూ పది. రెండో మలుపుకు ఇవతల."

"ఏమన్నావమ్మా అక్కడ?"

"పదకొండేళ్లయ్యాక విందువుగాని లే" అంది వెర్నా.